గ్రీన్ ఇంకు పెన్ను

లోవరాజు మేస్టారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు సన్నాయి కొసనుండే పీక ఊడదీసి నోట్లో పెట్టుకుంటారు. అది తడిసి మెత్తబడాలి. అప్పటిదాకా ఆయన మాట్లాడరు, మాట్లాడదామన్నా కుదరదు. అడిగినవాడు ఎదురుగా కూర్చుని ఆయన బుగ్గలు కదలడం చూస్తూ ఉండాలి. సగంమంది ఈలోపే తమ ప్రశ్న మీద తమకే విసుగొచ్చి లేచి వెళ్ళిపోతారు. మిగతావాళ్ళకి ఆయన పీక బయటికి తీసి, అడిగినదాని జోలికి పోకుండా, ఎక్కడో ఒక పెళ్ళిలోనో బారసాలలోనో తను చూసింది చెప్తారు. "మేళంవాళ్ళని మూలన కూర్చోబెడతారు. మూలన కూర్చున్నవాడికే ఇల్లంతా కనపడుద్ది" అంటారాయన.

అవి మూఢం రోజులు. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. సామర్లకోటలో మేస్టారి డాబా మీద, రేకుల నీడలో, పనిలేని శిష్యులం కూర్చుని సాధన చేసుకుంటున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నూకరాజు మెట్లెక్కి వచ్చాడు. భుజానికి కొత్త నైలాన్ తాడు చుట్ట, చంకలో గుడ్డ చుట్టిన సన్నాయి. ఆ తాడు వాళ్ళ నాన్న కొన్నది. ఆయన కరెంటాఫీసులో కాంట్రాక్టు హెల్పరు. పర్మినెంటు లైన్‌మన్లు స్తంభమెక్కుతుంటే కింద నిచ్చెన పట్టుకోవడం ఆయన పని. కొడుకన్నా స్తంభం పైనుండాలని ఆయన కోరిక. లైన్‌మన్ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది కాబట్టి, ఇంటి వెనకున్న పాత స్తంభానికి తాడు కట్టి రోజూ పొద్దున్నే నూకరాజుని ఎక్కిస్తున్నాడు. నూకరాజు సగం దాకా ఎక్కి, అక్కడే స్తంభాన్ని కావిలించుకుని ఉండిపోతాడు. పైకి పోలేడు, కిందకి రాలేడు. కింద వాళ్ళ నాన్న తిట్టడు, కొట్టడు. ఎవరూ లేని స్తంభాన్ని చూసినట్టు చూసి టీ తాగడానికి వెళ్ళిపోతాడు.

నూకరాజు సన్నాయి తీసి మేస్టారి ముందు పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉంచేయండి మేస్టారూ."

"ఏం, పురుగు పట్టిందా?"

"లేదండి. ఇది ఇంట్లో ఉన్నంతకాలం మా నాన్న నా వైపు చూడడండి. కంచంలోకి చూసి మాట్లాడతాడు. ఉప్పు కావాలంటే ఉప్పునే అడుగుతాడు గానీ నన్నడగడు."

మాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు. తాడు చుట్ట భుజం మీంచి దించకుండానే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు.

"మేస్టారూ, మా నాన్న ఒక్కసారి నా మొహంలోకి చూసి 'సర్లేరా' అనాలంటే నేనేం అవ్వాలండి?"

మేస్టారు పీక నోట్లో పెట్టుకున్నారు. ఆ రోజు అది ఎంతకీ తడవలేదు. స్టేషన్ మైకులో ఏదో రైలు ఆలస్యంగా వస్తోందని మూడు భాషల్లో వినపడి ఆగిపోయింది. నూకరాజు లేచి వెళ్ళలేదు. చివరికి ఆయన పీక తీసి పంచెకి తుడుచుకున్నారు.

"పెద్దాపురంలో తమ్మిరాజు గారని ఉన్నారు" అన్నారు.

తమ్మిరాజు గారు రిజిస్ట్రారాఫీసు బయట దస్తావేజులు రాసే మనిషి. నీలం టార్పాలిన్ పట్టా కింద ఒక వాలుబల్ల, కాలు విరిగితే తీగ చుట్టిన కుర్చీ, అదీ ఆయన ఆఫీసు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళూ పొలాలూ ఆయన చేతిరాత మీదుగానే చేతులు మారేవి. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. కానీ రాసింది తీసుకెళ్ళి కిటికీ దగ్గర నిలబడాలి. లోపల ఆఫీసరు తల ఎత్తకుండా గ్రీన్ ఇంకుతో సంతకం గీకి బయటికి తోసేవాడు. గ్రీన్ ఇంకు ఆఫీసర్లకే. బయట పట్టా కిందున్నవాళ్ళు ఎంత బాగా రాసినా నీలమో నలుపో. ఆ రంగు తమ్మిరాజు గారి లోపల ఎక్కడో అంటుకుపోయింది.

కూతురు హైమ తర్వాత చాలాకాలానికి ఆయనకి కొడుకు పుట్టాడు. పేరు ఫణీంద్ర. వాడి అన్నప్రాశనకి ఆయన స్థోమతకి మించి లోవరాజు మేస్టారి మేళం పెట్టించుకున్నారు. కాకినాడ వెళ్ళి ఒక గ్రీన్ ఇంకు పెన్ను కొనుక్కొచ్చారు. పిల్లాడికి పరమాన్నం నాకించాక చాప మీద పళ్ళెం పెట్టి, అందులో పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి, పువ్వు అన్నీ సర్ది, దూరంగా వాణ్ణి దింపుతారు కదా. ఏది ముందు ముట్టుకుంటే వాడి బతుకు అదీ అంటారు. మనవాళ్ళు అది సగం నవ్వులాటకే చేస్తారు. తమ్మిరాజు గారు నవ్వలేదు. పెన్ను ముందుకి పెట్టి మిగతావన్నీ వెనక్కి తోసేశారు. కత్తి అయితే పళ్ళెంలోంచి తీసి భార్య చేతికిచ్చేశారు. తను పెన్ను వెనకాలే గొంతుక్కూర్చుని చిటికెలేస్తూ పిలిచారు.

"రా నాన్నా, రా. ఇటు రా."

పిల్లాడు వచ్చాడు. చొంగ కార్చుకుంటూ, నవ్వుకుంటూ, ఇంటినిండా అంతమంది జనముంటే ఎవర్నీ చూడకుండా పాక్కుంటూ వచ్చాడు. పళ్ళెం దాకా వచ్చేసరికి ఫొటోలు తీసేవాడు అడ్డం పడ్డాడు. "తమ్మిరాజు గారూ, మీ మోకాళ్ళు పడుతున్నాయండి. కొంచెం పక్కకి జరగండి" అన్నాడు. ఆయన గబుక్కున లేచి పక్కకి వెళ్ళారు. పిల్లాడు ఆగిపోయాడు. నాన్న వెళ్ళిన వైపు తల తిప్పాడు. తిప్పేసరికి వాలి, ఒక చెయ్యి జారి పెన్ను మీద పడింది. పంతులు గారు చెయ్యెత్తారు. మేళంవాళ్ళకి ఆ చెయ్యే గుర్తు, గట్టిమేళం అందుకున్నారు. ఫ్లాష్ వెలిగింది. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. డోలుకి జడుసుకున్నాడన్నారందరూ. తమ్మిరాజు గారు వాణ్ణి ఎత్తి గాల్లో తిప్పి, "ఆఫీసరు" అన్నారు.

అంతే, ఆ ఇంట్లో వాడి పేరు మారిపోయింది. ఆఫీసరు గారు పక్క తడిపారు. ఆఫీసరు గారికి రాత్రంతా విరేచనాలు. ఆఫీసరు గారూ, సందు చివరికెళ్ళి కొత్తిమీర కట్ట తెండి. ఫొటో పెద్దది చేయించి హాల్లో టీవీ పైన పెట్టారు. ఎవరొచ్చినా తమ్మిరాజు గారు కాఫీ ఇచ్చేలోపే అక్కడికి తీసుకెళ్ళి, ఫొటోలో చెయ్యి మీద వేలు పెట్టి చూపించేవారు. "చూశారా, బంగారం పక్కనే ఉంది. దాని వైపు చూడను కూడా చూడలేదు" అనేవారు.

ఫణి సరుగుడు కర్రలా పొడుగ్గా ఎదిగాడు. ఎదిగిన మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలిసేది కాదు. చుట్టాలకి కాఫీ తెస్తే సగం సాసర్లోనే ఉండేది. "ఏం చదువుతున్నావు బాబూ" అంటే ఫ్యాను వైపు చూసేవాడు, అదేదో తన తరపున చెప్తుందన్నట్టు. ఏటా పుట్టినరోజుకి వాళ్ళ నాన్న ఒక గ్రీన్ ఇంకు పెన్ను కొనిచ్చేవారు. దాంతో స్కూల్లో రాయనివ్వరు, ఇంట్లో రాయడానికేం లేదు. పాత పేపర్ల మీద ఆకులు గీసేవాడు. ఆ ఇంకుతో ఇంకేం గీస్తాడు.

సాయంత్రాలు మాత్రం వాడు రిజిస్ట్రారాఫీసు దగ్గరికి పోయేవాడు. పట్టా కింద నాన్న రాసుకుంటుంటే పక్కన కూర్చుని, కాయితాలు గాలికి ఎగిరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పని ఒక్కటీ వాడు ఏమీ ఒలక్కుండా చేసేవాడు. కాసేపు తమ్మిరాజు గారు చూసీచూడనట్టు ఊరుకునేవారు. రాయించుకునే పార్టీలు ఎవరైనా వస్తే చాలు, "నువ్వు కూర్చోవలసింది ఇక్కడ కాదురా. ఇంటికెళ్ళి చదువుకో" అనేవారు. వాడు చెయ్యి తీసేవాడు. కాయితాల మీద రాయి పెట్టేవారు.

డిగ్రీ అయ్యాక గ్రూపు పరీక్షలు రాశాడు. పోయాయి. మళ్ళీ రాశాడు. మళ్ళీ పోయాయి. రెండోసారి తమ్మిరాజు గారు ఒక్క మాట అనలేదు. హాల్లోకెళ్ళి ఫొటో ముందు నిలబడి, "ముట్టుకున్నాడు కదా మరి" అని ఫొటోనే అడిగారు. గదిలో మంచం మీద పడుకున్న ఫణికి అది వినపడింది.

ఇక్కడ నూకరాజు తల ఎత్తాడు. "పాపం, మా నాన్న తిట్టను కూడా తిట్టడండి" అన్నాడు. ఎవర్ని పాపమన్నాడో మాకు అర్థం కాలేదు. మేస్టారు వాడి వైపు చూసి మళ్ళీ మొదలెట్టారు.

ఆ పరీక్ష పోయిన కొన్నాళ్ళకే హైమ కొడుక్కి అన్నప్రాశన వచ్చింది. పుట్టింట్లోనే చేశారు. తమ్మిరాజు గారు స్వయంగా వచ్చి మేస్టారిని పిలిచారు. "అప్పుడు మీ మేళమే. కలిసొచ్చింది" అన్నారు. ఆయన వెళ్ళాక డోలు సింహాచలం, "ఏం కలిసొచ్చింది మేస్టారూ" అని అడిగాడు. మేస్టారు పీక నోట్లో పెట్టుకున్నారు.

అదే హాలు. అదే మూల. టీవీ పైన అదే ఫొటో. మొదటి ముద్ద మేనమామ పెట్టాలి కాబట్టి ఫణికి కొత్త పంచె కట్టారు. అది జారిపోకుండా ఒక చేత్తో, పిల్లాణ్ణి ఇంకో చేత్తో పట్టుకుని పొద్దుట్నుంచీ వాడు ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. కాఫీ కప్పు మొయ్యలేనివాడు ఆ బిడ్డని మాత్రం నిద్ర చెదరకుండా మోశాడు. పరమాన్నం నాకించేటప్పుడు కొంచెం గడ్డం మీదకి కారింది. "అదైనా సరిగ్గా చెయ్యరా. పరీక్ష రాసినట్టే పెడుతున్నావు" అన్నారు తమ్మిరాజు గారు. అందరూ నవ్వారు. ఫణి కూడా నవ్వాడు. వాడు ఎప్పుడూ అందరితో పాటే నవ్వుతాడు.

పళ్ళెం వచ్చింది. తమ్మిరాజు గారు బీరువాలోంచి ఆ పాత పెన్నే తెచ్చి పెట్టారు. హైమ మావగారు కూర్మారావు గారు జగ్గంపేటలో మందులషాపు నడుపుతారు. ఆయన సంచిలోంచి స్టెతస్కోపు తీసి పెన్నుకి ముందు పెట్టారు. తమ్మిరాజు గారు పెన్నుని ఇంకాస్త ముందుకి జరిపారు. కూర్మారావు గారు స్టెతస్కోపుని జరిపారు. ఇద్దరూ పైకి నవ్వుతూనే ఉన్నారు.

"అయ్యా, మీరిలా జరుపుతూ పోతే పిల్లాడు పాకక్కర్లేదు. అవే వాడి ఒళ్ళోకి వచ్చేస్తాయి" అన్నారు పంతులు గారు.

పిల్లాడు దిగనంటాడు. ఫణి కనపడకపోతే ఏడుస్తాడు. అందుకని ఫణిని చాపకి ఆ చివర, పళ్ళెం వెనకాల కూర్చోబెట్టారు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి వాడికి. పిల్లాణ్ణి వదిలారు. పిల్లాడు చొంగ కార్చుకుంటూ బయల్దేరాడు. ఫొటోలు తీసే కుర్రాడు కొత్తవాడు. ఆ పాతాయన్ని వాడు చూసి కూడా ఉండడు. అయినా అదే మాటన్నాడు.

"మేనమామ గారూ, మీ మోకాళ్ళు పడుతున్నాయండి. కొంచెం పక్కకి జరగండి."

"జరగరా, ఫొటో పాడవుద్ది" అన్నారు తమ్మిరాజు గారు.

ఫణి లేచి పక్కకి వెళ్ళాడు. పిల్లాడు ఆగాడు. మేనమామ ఎటు పోయాడో చూశాడు. వీడి చెయ్యి జారలేదు. అటే తిరిగి, పళ్ళెం మీదుగానే అడ్డం పడి పాకాడు. మోకాలు పరమాన్నం గిన్నెలో పడింది. పెన్ను ఎగిరి ఎటో దొర్లిపోయింది. స్టెతస్కోపు కాలికి చుట్టుకుని వెనకాల దేక్కుంటూ వచ్చింది. వాడు వెళ్ళి ఫణి పంచె పట్టుకుని లేచి నిలబడబోయాడు. పంచె ఊడినంత పనైంది. ఫణి ఒక చేత్తో పంచెనీ ఇంకో చేత్తో మేనల్లుణ్ణీ అందుకున్నాడు.

పంతులు గారి చెయ్యి సగం లేచి గాల్లో ఆగిపోయింది. సింహాచలం పుల్ల ఎత్తి పట్టుకుని, "మేస్టారూ, వాయించాలా వద్దా" అని గొణిగాడు.

"ఇది లెక్కలోకి రాదండి. వస్తువుని ముట్టుకోవాలి గానీ మనిషిని ముట్టుకుంటే ఎలా? మనిషంటే ఏం ఉద్యోగం?" అన్నారు కూర్మారావు గారు. మళ్ళీ ఆయనే ఆలోచించుకుని, "స్టెతస్కోపు కాలికి తగిలింది కదా, దాన్ని లెక్కేసుకోవచ్చేమో" అన్నారు.

మళ్ళీ దింపారు. ఫణిని ఇటువైపు నిలబెడితే ఇటొచ్చాడు. అటు నిలబెడితే అటెళ్ళాడు. ఫణిని వంటింట్లోకి పంపేస్తే పిల్లాడు చాప మధ్యలో చతికిలబడి వంటిల్లు వైపు తిరిగి అరవడం మొదలెట్టాడు. హైమ, "పోనీలెండి, ఆకలేస్తోంది వాడికి" అంటున్నా ఎవరూ వినలేదు. ఫణి ఉండబట్టలేక వచ్చి పిల్లాణ్ణి భుజానేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అబ్బాయి మా మనవణ్ణి ఏ పనినీ ముట్టుకోనివ్వట్లేదు బావగారూ" అన్నారు కూర్మారావు గారు. నవ్వుతూనే అన్నారు. తమ్మిరాజు గారి మొహం మాత్రం మాడిపోయింది. ఫణి వైపు తిరిగి, "నువ్వెలాగూ ఏమీ కాలేదు. కనీసం వాడికన్నా అడ్డం రాకు" అన్నారు.

కిటికీ పక్క కుర్చీలో తమ్మిరాజు గారి తల్లి సూరమ్మ గారు కూర్చునున్నారు. ఆవిడ పొద్దుట్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదు. నోట్లో తమలపాకు ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నారు.

"వాణ్ణంటావేంట్రా. వాడూ అప్పుడు ఇదే చేశాడు. నీ దగ్గరికొస్తుంటే నువ్వు ఫొటో కోసమని లేచి పోయావు. నువ్వెటెళ్ళావో చూడబోయి పడ్డాడు. ఆ చెయ్యి దాని మీద పడింది."

"అప్పుడే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పాను. మేళంలో నీకు వినపడలేదు. తర్వాత నువ్వు ఆఫీసరు ఆఫీసరు అని అంత సంబరపడుతుంటే మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు."

తమ్మిరాజు గారు కళ్ళజోడు పెట్టుకుని ఫొటో దగ్గరికెళ్ళారు. అలవాటుగా వేలు చెయ్యి మీదకే పోయింది. అక్కణ్ణించి మెల్లిగా పైకి జరిగి మొహం దగ్గర ఆగింది. పిల్లాడి కళ్ళు పెన్ను మీద లేవు, బంగారం మీదా లేవు. ఫ్రేము అంచు వైపు చూస్తున్నాయి. అంచు దగ్గర, కోసేసిన చోట, ఒక పంచె కొస ఉంది. జరీ ఉన్న పంచె. ఎవరిదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఊళ్ళో సగంమందికి చూపించిన ఫొటో అది.

ఆయన అక్కడ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత వచ్చి చాప మీద కూర్చున్నారు. మోకాళ్ళు టకటకమన్నాయి. పళ్ళెం వెనకాల, అప్పుడు తను లేచిపోయిన చోటే కూర్చుని, గుమ్మంలో ఉన్న ఫణి వైపు రెండు చేతులూ చాచారు.

పిల్లాణ్ణి ఇమ్మంటున్నారనుకున్నారందరూ. ఫణి కూడా అదే అనుకుని గబగబా వచ్చాడు. ఈలోపు హైమ వచ్చి, "ఇంక చాల్లే, పాలకి ఏడుస్తున్నాడు" అని వాడి భుజం మీంచి బిడ్డని తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తమ్మిరాజు గారి చేతులు మాత్రం అలాగే చాచి ఉన్నాయి.

ఫణి చాపకి ఇవతల నిలబడ్డాడు. మధ్యలో ఒక పళ్ళెం. పాలు తాగే పిల్లాడు పాకి దాటే దూరం. ఇరవై దాటినవాడు ఎలా పాకుతాడు. వాడు ఆ చేతుల వైపే చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ చేతులు తనని అడిగింది ఒక్కటే. వాడికి తెలిసింది అదొక్కటే. చుట్టూ వెతికాడు. సోఫా కిందకి దూరి, తల కొట్టుకుని, దొర్లిపోయిన పెన్ను తీశాడు. దానికంటిన పరమాన్నం పంచెకి తుడిచాడు. రెండు చేతులతో నాన్న చేతుల్లో పెట్టాడు.

"సారీ నాన్నా. మళ్ళీ రాస్తాను" అన్నాడు.

ముహూర్తం దాటిపోతోందని పంతులు గారికి కంగారుగా ఉంది. ఎవరో ఒకరి చేతిలో పెన్ను కనపడగానే చెయ్యెత్తేశారు. గట్టిమేళం మోగింది. అందరూ అక్షింతలు వేశారు. కూర్మారావు గారు కూడా వేశారు. ఆ మోతలో తమ్మిరాజు గారు కొడుకు మొహంలోకి చూసి ఏదో అన్నారు. ఫణి, "ఆఁ, నాన్నా?" అని వంగాడు. ఆయన మళ్ళీ అన్నారు. డోలు ఇంకా జోరందుకుంది.

మేస్టారు ఇక్కడ ఆపేశారు.

"పెదాలు కదలడం చూశాను. సన్నాయి నా నోట్లోనే ఉంది, నాకేం వినపడుద్ది" అన్నారు.

నూకరాజు కాసేపు చూశాడు, ఇంకేమన్నా చెప్తారేమోనని. "తర్వాత ఏమన్నారో అడగలేదా అండి ఆ అబ్బాయి?" అన్నాడు.

"తర్వాత భోజనాలు వడ్డించేశారు. వాడు సాంబారు బకెట్టు పట్టుకున్నాడు."

ఇందాకటి రైలు కాబోలు, వచ్చి ఆగి వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. నూకరాజు లేచాడు. తాడు చుట్ట ఇంకా భుజం మీదే ఉంది. వంగి సన్నాయి తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ వంగాడు. గుడ్డ మీద చెయ్యి పెట్టి, తీసుకోవాలో వదిలెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాడు, స్తంభం మధ్యలో ఉండిపోయినట్టు. మేస్టారు వాడి భుజం మీంచి తాడు తీసి సన్నాయి పక్కన పెట్టారు.

"మూఢం రోజులు, ఊళ్ళో ఎక్కడా మేళం లేదు, ఎవరేమన్నా వినపడుద్ది. ఇంటికెళ్ళు. వట్టి చేతుల్తో వెళ్ళు" అన్నారు, పీక నోట్లో పెట్టుకోబోతూ.